వొంగ్సొ తాత రాడు, కెరిస్ వస్తుంది

వొంగ్సొ తాత ఎవరి పెళ్ళికీ వెళ్ళడు. ఆయన కెరిస్ వెళుతుంది.

ఇందులో దాపరికం ఏమీ లేదు. మా ఊరు సెందంగ్‌సరిలో ఎవరింట పందిరి వేసినా మగవాళ్ళ వైపు ముందు వరసలో ఒక కుర్చీ వదిలేస్తారు. ఆ కుర్చీలో ఆకుపచ్చ పట్టుగుడ్డ పరిచి, దాని మీద ఆ వంపుల బాకును ఒరతో సహా పడుకోబెడతారు. పడుకోబెట్టడం అన్నామంటే తాతకు కోపం. కూర్చోబెట్టడం అనాలి. దాని ముందు టీ గ్లాసు పెడతారు, అన్నం పళ్ళెం పెడతారు. పెళ్ళికొడుకు పెద్దలందరి చేతులూ తాకుతూ వచ్చి ఆ కుర్చీ దగ్గర ఒక్క క్షణం తికమకపడి, చివరికి ఒర కొసను తాకి ఆ చెయ్యి గుండెకు ఆనించుకుని ముందుకు సాగుతాడు.

మనిషి బదులు కెరిస్ నిలబడటం మా వైపు కొత్తేమీ కాదు. వెనకటికి పెళ్ళికొడుకు ఏ దూరదేశంలోనో చిక్కుకుపోతే అతని కెరిస్‌ను తెచ్చి పెళ్ళికూతురి పక్కన పెట్టి పెళ్ళి కానిచ్చిన ఇళ్ళున్నాయి. అయితే వీధి చివర ఇంట్లో, ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, లవంగం సిగరెట్ కాల్చుకుంటూ కూర్చున్న మనిషి పక్కింటి విందుకు కెరిస్‌ను పంపించడం మాత్రం వొంగ్సొ తాతతోనే మొదలైంది.

దాన్ని మోసుకెళ్ళేది వర్సీనా. ఆయన దగ్గర ఒరలకు మెరుగుపెట్టే పని చేస్తుంది.

“తాత రాలేదా వర్సీనా?” అని గుమ్మంలోనే అడిగేవారు.

“వచ్చారుగా” అని వర్సీనా చేతుల్లోని పచ్చమూట చూపించేది.

“మనిషి సంగతి అడుగుతున్నా.”

“మోకాలు సహకరించలేదట.”

“పోయినసారి నడుం అన్నావు?”

“పోయినసారి నడుమే. ఈసారి మోకాలు.”

“రాబోయేసారి?”

“ఇంకా చెప్పలేదు.”

దాంతో పందిట్లో నవ్వులు మొదలయ్యేవి. మెడ, మడమ, చెవిపోటు, ఎడమ చేతి చిటికెనవేలు, అన్నీ అయ్యాయి. చిటికెనవేలు నొప్పి పుడితే విందుకు ఎందుకు రాలేడో ఎవరికీ అర్థం కాలేదు గానీ, ఆ నెలంతా ఊళ్ళో ఏ పని తప్పించుకోవాలన్నా అందరూ చిటికెనవేలే చూపించారు.

వొంగ్సొ తాత పని ఒరలు చెక్కడం. కత్తి కొట్టేవాళ్ళు వేరు, పిడి చెక్కేవాళ్ళు వేరు. ఒర ఒక్కటే ఆయన లోకం. తిమొహొ కర్రలో నల్లమచ్చ ఎక్కడ పడితే అందమో, ఎక్కడ పడితే అసహ్యమో చెప్పడం మొదలుపెడితే వచ్చినవాళ్ళు పొద్దు చూసుకుని లేచిపోయేవారు. వర్సీనా లేవలేదు కాబట్టి అన్నీ విన్నది.

“ఒర కత్తిని బిగించి పట్టుకోకూడదమ్మాయ్. మెడ దగ్గర ఆనితే చాలు. కింద ఏ వంపూ చెక్కకు రాసుకోకూడదు. రాసుకుంటే అక్కడే తుప్పు.”

“నిన్న చెప్పారు తాతా.”

“నిన్న చెప్పింది సురకర్త ఊరి తీరు ఒర గురించి. ఇది మామూలుగా చెబుతున్నా.”

ఆయన సొంత కెరిస్‌కు పదమూడు వంపులు. ఇనుమును మడిచి మడిచి కొట్టినప్పుడు తేలిన తెల్లటి చుక్కలు దాని ఒంటినిండా ఒలికిన బియ్యపు గింజల్లా ఉంటాయి. వంపులు ఎప్పుడూ బేసి లెక్కలోనే ఉంటాయని పసిపిల్లలకూ తెలుసు. ఊరికి కొత్తగా వచ్చిన బడిపంతులు ఒకాయన పాపం సరదాగా లెక్కపెట్టి “పన్నెండా తాతా?” అన్నాడు. తాత ఆ ఏటి వరికోతలు అయ్యేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఒక్క కత్తికే మనిషికి బట్టలున్నట్టు ఒరలుండేవి. పండగలకు, పెళ్ళిళ్ళకు లద్రంగ్. పైభాగం పడవలా రెండు కొసలూ పైకి లేచి దర్జాగా ఉంటుంది. మామూలు రోజులకు గయమన్. చిక్కుడు గింజలా గుండ్రంగా, ఇంట్లో లుంగీ కట్టుకున్నట్టు ఉంటుంది. తాత ఎవరిమీద ఎంత ప్రేమగా ఉన్నాడో ఒర చూసి ఊరంతా చెప్పేది.

ఊరి పెద్ద హర్దియొనొ ఒకసారి తాత ఇంటి ముందు పోగుపడ్డ చెక్కపొట్టు చూసి “ఈ చెత్త ఎప్పుడు తీస్తారు?” అన్నాడు. తర్వాత కొద్దిరోజులకే ఆయన కూతురి పెళ్ళి. వర్సీనా మూట విప్పి కుర్చీలో పెట్టగానే వాయిద్యాలవాళ్ళు కూడా ఒక దెబ్బ తప్పారు. గయమన్.

హర్దియొనొ ముఖం చిన్నబోయింది. “నా కూతురి పెళ్ళికి ఇంట్లో తిరిగే బట్టలతో వస్తాడా?”

“ఆయన రాలేదండి. కెరిస్ వచ్చింది” అంది వర్సీనా.

“అదే అంటున్నా.”

పెళ్ళికూతురి తండ్రి అతిథుల్ని వదిలేసి, జరీ అంచు పంచె మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని, బురదలో తాత ఇంటికి నడిచాడు. వర్సీనా మూటతో వెనకాలే వెళ్ళింది.

“చెత్త అన్నది మీ చెక్కపొట్టుని కాదు తాతా.”

“మరి దేన్ని?”

హర్దియొనొ చుట్టూ చూశాడు. అక్కడ చెక్కపొట్టు తప్ప ఇంకేమీ లేదు. “మాట జారింది” అన్నాడు.

“సరే. బట్టలు మార్చుకుని వస్తుంది. దాని టీ చల్లారిపోయి ఉంటుంది, వేరేది పెట్టించు” అన్నాడు తాత.

రోగుల్ని పరామర్శించడానికీ కెరిసే వెళ్ళేది. కుండలమ్మే జినెమ్ అవ్వ కాలు విరిగి ఆస్పత్రిలో ఉంటే, వార్డు గుమ్మంలో కాంపౌండర్ వర్సీనాను ఆపాడు.

“ఆయుధాలు లోపలికి తేకూడదు.”

“ఆయుధం కాదండి. ముసలాయన.”

అతను మూట వంకా ఆమె వంకా చూసి, ఇంకేం అడిగితే ఇంకేం వినాల్సివస్తుందోనని తప్పుకున్నాడు. జినెమ్ అవ్వ కెరిస్‌ను పక్కలో పెట్టుకుని కోడలి మీద ఉన్న కసంతా దానితో చెప్పుకుంది. చివరికి తేలిగ్గా ఊపిరి తీసుకుని, “వొంగ్సొ అయితే మధ్యలో అడ్డం వచ్చి తన మోకాలి గురించి చెప్పేవాడు. ఇది బాగా వింటుంది. రేపూ పంపించమను” అంది.

మరి ఈ వొంగ్సొ తాత మొదటినుంచీ ఇలాగే ఉండేవాడా అంటే, కాదు. పందిరి గుంజలు పాతకముందే వచ్చి, తాళ్ళు విప్పాక వెళ్ళే మనిషి ఆయన. పనసకాయ కూర మూడోసారి వడ్డించుకుంటూ నాలుగోసారి వద్దని మొహమాటపడే మనిషి. భార్య పోయాక ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక, దాచుకున్న మాటలన్నీ విందుల్లో చెప్పేవాడు. అలాంటివాడు ఒక్కసారిగా కాళ్ళు కట్టేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. ముసలితనంలో బుర్ర కొంచెం పక్కకు జరిగిందని ఊరు తీర్మానించింది.

వర్సీనాకు అంత ఆలోచించే తీరిక లేదు. ఆమె బాధ ఆమెది.

ఆమె భర్త సగియొ చేపల ఓడలో పనికని వెళ్ళాడు. మొదట్లో రేవు రేవు నుంచీ కబురు పంపేవాడు. తర్వాత రేవులు ఆగిపోయాయి. ఓడ మునిగిందన్నవాళ్ళు లేరు, తేలిందన్నవాళ్ళూ లేరు. వర్సీనా రోజూ ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోసేది. శుక్రవారం శుక్రవారం అతని లుంగీ ఎండలో వేసి, సాయంత్రం మడత మార్చి లోపల పెట్టేది. మడత మార్చకపోతే గీత పడి చిరుగుతుందని అతనే చెప్పాడు.

అంతవరకూ ఓర్చుకోగలిగింది. ఓర్చుకోలేనిది జనాన్ని. “కబురేమైనా వచ్చిందా?” అని అడిగేవారు. మంచికే అడిగేవారు. బావి దగ్గర అడిగేవారు, సంతలో కొత్తిమీర కట్ట చేతిలో పెడుతూ అడిగేవారు. ఒక పెళ్ళిలో వర్సీనా పెళ్ళికూతురి జడకు మల్లెలు కడుతుంటే వెనక ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసలాడారు.

“ఈమె చేత పెట్టించవచ్చా? మగడున్నట్టా, లేనట్టా?”

“ఏమో మరి. అడిగితే బాగుండదేమో.”

వర్సీనా మల్లెదండ చాటలో పెట్టేసి, పెరటి దారిన ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరింటికీ వెళ్ళలేదు. సంతకు కూడా చెరుకుతోటల వెనకనుంచి వెళ్ళేది. తాత పనిశాలలో ఒక మూల కూర్చుని గరుకాకుతో చెక్క రుద్దడం, పొద్దుగూకాక ఇంటికి పోవడం. అంతే.

అలాంటి రోజుల్లో తాతకు మోకాలు నొప్పి వచ్చింది.

“రేపటి పెళ్ళికి కెరిస్ వెళ్ళాలి. తీసుకెళ్ళు” అన్నాడు.

“నేనా? మగవాళ్ళని ఎవర్నన్నా పంపండి తాతా.”

“వాళ్ళు తీసుకెళితే ఒర మీద సిగరెట్ నుసి పడుతుంది.”

“నేను ఎక్కడికీ వెళ్ళడం లేదని మీకు తెలుసు కదా.”

“నిన్నెవరు వెళ్ళమన్నారు? వెళ్ళేది కెరిస్. నీకు కాళ్ళున్నాయి, దానికి లేవు. అంతవరకే నీ సాయం.”

ఆమె ఏదో అనబోయింది. తాత మోకాలు పట్టుకుని మూలిగాడు. ఏ మోకాలో మరిచిపోయి మధ్యలో చెయ్యి మార్చాడు కూడా.

షరతులు చాలా పెట్టాడు. పిడి ఇంటి యజమాని వైపు ఉండాలి. దాని ముందు పెట్టిన పళ్ళెం ఖాళీ చెయ్యకపోతే ఇంటివాళ్ళను అవమానించినట్టు, కాబట్టి దాని బదులు వర్సీనా తినాలి. సగంలో లేచి రాకూడదు, ఎందుకంటే తాత ఎప్పుడూ సగంలో లేచి రాలేదు. వచ్చాక జరిగిందంతా చెప్పాలి. “దానికి కళ్ళున్నాయి, నోరు లేదు. నోరు నువ్వు” అన్నాడు.

ఆ మొదటి రోజు వర్సీనా మూటను గుండెకు హత్తుకుని చెరుకుతోటల వెనకనుంచే వెళ్ళింది. కెరిస్ కుర్చీ ఎక్కడ వెయ్యాలి, దానికి టీలో బెల్లం ఎంత, దాని చేతిలో చదివింపుల కవరు లేదేమిటి అని పందిట్లో ఒకటే గొడవ, ఒకటే నవ్వు. నవ్వి నవ్వి ఆడవాళ్ళు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తాత వైనాలు చెప్పించుకున్నారు. ఆ రోజు ఎవరూ ఆమెను కబురు అడగలేదు. అడగడానికి సందు దొరకలేదు.

అలా అలా ఆమెకు పందిళ్ళు అలవాటయ్యాయి. తిరిగి వచ్చి చెబుతుంటే తాత పని ఆపి వినేవాడు.

“చేపల పులుసులో చింతపండు వేశారా, పుల్లమామిడా?”

“మామిడి.”

“పైన కొబ్బరిపాలు?”

“చిక్కగా.”

తాత గుటక మింగి, కర్ర మీద ఉలి పెట్టి, చాలాసేపు కొట్టకుండా ఉండిపోయేవాడు.

ఒక్కొక్కసారి పెళ్ళికొడుకును చూసి వర్సీనాకు మనసు చివుక్కుమనేది. కెరిస్ వీపు వెనక దోపుకుంటారు కదా, వాలడానికి వీల్లేదు. తన పెళ్ళిలో సగియొ పొద్దుట్నుంచీ కొయ్యలా కూర్చుని, “దీన్ని కనిపెట్టినవాడికి కుర్చీ అంటే తెలియదు” అని పెదవి కదపకుండా సణిగాడు. పెళ్ళికూతురు నవ్వకూడదు. ఆమె నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించింది. ఇప్పుడు ముందు వరసలో ఒంటరిగా కూర్చున్న కెరిస్ పక్కన చేరి, ఆ దగ్గు ఇంకా గొంతులో ఉన్నట్టే అనిపించేది.

ఆ ఏటి వానలకు ముందు మంగలివాళ్ళ ఇంట పెళ్ళి వచ్చింది. తాతకు నడుం పట్టేసింది. దుప్పటి కప్పుకుని పడుకుని, “వెళ్ళిరా అమ్మాయ్, సాయంత్రం దాకా నన్ను లేపకు” అన్నాడు. వర్సీనా లద్రంగ్ తొడిగిన కెరిస్‌ను తీసుకెళ్ళింది. భోజనాలు కాకముందే కాలం కాని కాలంలో వాన కొట్టింది. పందిరి కారడం మొదలైంది. ఒర తడిస్తే చెక్క ఉబ్బుతుంది. వర్సీనా కెరిస్‌ను పైట కింద దాచుకుని పరుగెత్తుకు వచ్చి, దాని స్థానంలో పెట్టి, తాత గదిలోకి తొంగి చూసింది.

“తాతా, నడుం ఎలా ఉంది?”

దుప్పటి పలకలేదు.

“టీ పెట్టనా?”

పలకలేదు. భయపడి దుప్పటి లాగింది. పొడుగు దిండు. దాని తలకు తాత పాత తలపాగా.

ఏమనుకోవాలో తెలియక నిలబడి ఉండగానే బయట మోటారుసైకిల్ ఆగింది. తడిసి ముద్దయిన కుర్రవాడు గుమ్మంలోకి వచ్చాడు.

“వొంగ్సొ తాత ఇల్లు ఇదేనా? కరంగ్‌లొ నుంచి వస్తున్నా. సముద్రం పక్క ఊరు. పెళ్ళికొడుకు ఒర బండి మీదనుంచి పడి పగిలిపోయింది. పీటల మీద కూర్చోవాలి, వీపున కెరిస్ లేదు.”

“ఆయన లేరు. ఈ ఇల్లు ఎవరు చెప్పారు?”

“పాక్ మర్తొ అని ఒక పెద్దాయన. బట్టల వ్యాపారి. మా వైపు ఏ పెళ్ళీ వదలడు. మా మామ ఇంకో ఒరలవాడి పేరు చెబితే పాక్ మర్తొకు కోపం వచ్చేసింది. వొంగ్సొ ఉండగా ఇంకొకడి పేరెత్తుతారా, ఈ దీవిలో వాడిని మించినవాడున్నాడా అని గిన్నె కూడా కింద పెట్టేశాడు. మేం బతిమాలితే మళ్ళీ తిన్నాడు.”

వర్సీనాకు కొంచెం ఏదో తగిలినట్టయింది గానీ, అప్పుడు పట్టించుకునే వ్యవధి లేదు. కత్తి పొడవెంతో కుర్రవాణ్ణి మోచేతి మీద చూపించమని, తయారుగా ఉన్న ఒరల్లో నప్పేవి ఏరి, ఆకురాయి, చిన్న ఉలి సంచిలో వేసుకుని, ప్లాస్టిక్ పట్టా కప్పుకుని బండి వెనక కూర్చుంది.

కరంగ్‌లొలో పందిరి ఇంకా కనబడకముందే గొంతు వినబడింది. ఆ గొంతు ఒక ఊరి పెద్ద జరీ పంచె ఎత్తుకుని బురదలో నడిచిన కథ చెబుతోంది. జనం పడీపడీ నవ్వుతున్నారు. ముందు వరసలో గోధుమరంగు బాతిక్ పంచె, నల్లకోటు, వీపున పడవ లాంటి ఒర, ఒళ్ళో చేపల పళ్ళెం. వొంగ్సొ తాత. ఇక్కడివాళ్ళకు పాక్ మర్తొ.

ఆమెను చూసి ఆయన చెయ్యి పళ్ళేనికీ నోటికీ మధ్య ఆగిపోయింది.

పెళ్ళికూతురి తల్లి మురినా ఎదురొచ్చింది. “వచ్చావా తల్లీ. తాత రాలేదా?”

“రాలేకపోయారండి. నడుం పట్టేసింది. మంచం దిగలేకుండా ఉన్నారు” అంది వర్సీనా, ముందు వరస వైపు చూస్తూ.

పాక్ మర్తొ గొంతు సవరించుకున్నాడు. “పెద్దతనం కదా. జాగ్రత్తగా చూసుకో అమ్మా.”

“చూసుకుంటూనే ఉన్నానండి. వచ్చేముందు దుప్పటి తీసి కూడా చూశాను.”

పాక్ మర్తొకు ముల్లు గొంతులో పడింది. నలుగురు లేచి వీపు మీద చరిచారు.

వర్సీనా ఒక మూల చాప మీద కూర్చుని పెళ్ళికొడుకు కత్తికి ఒరలు పెట్టి చూసింది. పదకొండు వంపుల కత్తి, మెడ వెడల్పు. మొదటిది పట్టలేదు. రెండోది పట్టింది గానీ కొస రాసుకుంటోంది. మూడోది గయమన్, పెళ్ళికి పనికిరాదు. లోపల పెళ్ళికూతురు ముస్తాబై చాలాసేపయింది. వాయిద్యాలవాళ్ళు వాయించిందే వాయిస్తున్నారు. మంచి ఘడియ దాటిపోతోందని ఎవరో గట్టిగానే అన్నారు. మురినా కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

“పాక్ మర్తొ ఒర చూడండి, అది వెడల్పుగానే ఉంది” అన్నాడు మోటారుసైకిల్ కుర్రవాడు.

అందరూ తిరిగారు. పాక్ మర్తొ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. “నాది చిన్నది. పైగా... పాతది.”

“చూద్దాం ఇలా ఇవ్వండి తాతా” అని కుర్రవాడు చనువుగా వెనకనుంచి పిడి పట్టుకు లాగాడు. పిడి వచ్చేసింది. దాని కింద బెత్తెడు వెదురుపుల్ల ఉంది. కత్తి లేదు.

వాయిద్యాలవాళ్ళు కూడా ఆపి చూశారు. కత్తి లేని ఒర దోపుకుని పెళ్ళికి రావడం, జేబులు కుట్టేసిన చొక్కా వేసుకుని దర్జా పోవడం కంటే అన్యాయం. పాక్ మర్తొ తల వంచుకున్నాడు. ఆయన ముఖం అంత చిన్నగా వర్సీనా ఎన్నడూ చూడలేదు.

“ఆ కత్తి మా పనిశాలలో ఉందండి” అంది ఆమె. “మాకు అప్పగించారు. నేనే చూస్తున్నాను దాన్ని. అందుకే ఖాళీ ఒరతో వచ్చారు.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పందిరి ఊపిరి పీల్చుకుంది. “అయితే ఖాళీదే కదా, ఇచ్చెయ్యండి మరి” అన్నారెవరో.

తాత నడుం నుంచి ఒర తీసి ఆమె చేతికిచ్చాడు. కొసదాకా ఒకే నల్లమచ్చ పాకిన తిమొహొ కర్ర. ఆయన చేతి పనిలో దానికి సాటి లేదు. మెడ దగ్గర వెంట్రుకవాసి బిగువు. వర్సీనా ఆకురాయి పెట్టింది.

“నెమ్మది. అటు కాదు, ఎడమ వైపు. అయ్యో, అంత కాదమ్మాయ్.”

“బట్టల వ్యాపారికి ఇంత తెలుసా?” అన్నాడు కుర్రవాడు.

“మీరు బట్టల సంగతి చూసుకోండి పాక్ మర్తొ” అంది వర్సీనా తల ఎత్తకుండా.

ఆకురాయి కదిలినప్పుడల్లా తాత తన పంటి మీద గీస్తున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. కత్తి జారి, మెడ దగ్గర ఆని, మెత్తగా ఆగింది. వర్సీనా చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు, రాపిడి లేదు. పిడికి మల్లెదండ చుట్టి పెళ్ళికొడుకు నడుమున దోపారు. వాయిద్యాలు కొత్త పాట అందుకున్నాయి.

తర్వాత మురినా వర్సీనాను వంటింట్లోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. అన్నం వడ్డిస్తూ మాట్లాడుతూనే ఉంది.

“పాక్ మర్తొ మంచివాడమ్మా. తిండి కొంచెం ఎక్కువ, మాట ఇంకొంచెం ఎక్కువ. కానీ ఏ పెళ్ళికి వచ్చినా ముందు ఓడల వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుంటాడు. మా వైపు సగం మగవాళ్ళు సముద్రం మీదేగా. ఏ ఓడ, ఏ రేవు, ఎవరెవరున్నారు అని ఒకటే అడుగుడు. ఎవరో సగియొ అట. దగ్గరి మనిషేమో పాపం. ఏమ్మా, కారం ఎక్కువైందా?”

“లేదక్కా” అంది వర్సీనా. పళ్ళెంలో ముద్దను మళ్ళీ మళ్ళీ కలిపింది.

తిరుగు ప్రయాణంలో వ్యాను వెనక సీట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వాన వెలిసి పొలాల మీద ఎండ పడుతోంది. తాత కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

“నడుం ఎలా ఉంది తాతా?”

“కొంచెం నయం.”

“మోకాలు?”

తాత అరచెయ్యి మోకాలి మీద పెట్టి, వెంటనే తీసేశాడు.

“నన్ను గాడిదను చేశారు. కత్తి మోయించి, మీరు అక్కడ చేపలు తింటున్నారు.”

“నేను వెళితే నువ్వు వచ్చేదానివా?” అన్నాడు తాత.

వర్సీనా సంచిలో ఆకురాయిని అటూ ఇటూ సర్దింది.

“రావు. ఆ మూల కూర్చుని చెక్క రుద్దీ రుద్దీ నువ్వే అరిగిపోతున్నావు. ఏం చెప్పినా వినవు. దానికి కాళ్ళు లేవంటే జాలిపడ్డావు.” కిటికీ నుంచి ముఖం తిప్పి, “కరంగ్‌లొకు మొదట తిండికే వచ్చాను. దాచేదేముంది? నువ్వొచ్చి పులుసులో మామిడి వేశారంటే నాకు ప్రాణం పోయేది. ఊళ్ళో నా కాళ్ళు నేనే విరగ్గొట్టుకున్నాను కదా. ఈ వైపు ఎవరికీ తెలియననుకున్నా. వచ్చి చూస్తే అందరూ ఓడలవాళ్ళు. నోరున్నవాణ్ణి, అడిగాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పడానికి ఏమైనా దొరికితే కదా. సగియొ అనే పేరుతో ఒకడున్నాడన్నారు. ఓడలో వంటవాడట. చెయ్యి అమృతమట.”

“ఆయనా? ఒకసారి అన్నం వండితే గరిటె అతుక్కుపోయింది. నాకు తెలియకూడదని కుండతో సహా పెరట్లో పాతిపెట్టారు.”

“అయితే వాడు కాదు. ఇంకొకడు అసలు మాట్లాడడట. రోజంతా సముద్రం వంక చూస్తూ ఉంటాడట.”

“నిద్రలో కూడా మాట్లాడతారు. ఒక్కడే మాట్లాడి, ఒక్కడే ఒప్పుకుంటారు.”

“సరే, వాడూ కాదు. ఇంకొకడు పేకాటలో ఓడంతా దోచేస్తున్నాడట.”

“అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి తాతా. నా దగ్గర కూడా ఎన్నడూ గెలవలేదు.” అంటూనే వర్సీనా నవ్వింది. నవ్వు ఆపుకోవడానికి నోటికి పైట అడ్డం పెట్టుకుంది. సగియొ వెళ్ళాక అతని గురించి ఇన్ని మాటలు ఎవరితోనూ అనలేదని అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, “ఇంకా ఎవరున్నారు?” అంది. వ్యాను ఊరు చేరేదాకా తాత ఒక్కొక్కణ్ణీ చెబుతూ వచ్చాడు. ఆమె ఒక్కొక్కణ్ణీ కొట్టేస్తూ వచ్చింది.

తర్వాత విందుకు వొంగ్సొ తాత స్వయంగా, రెండు కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. వీపున కెరిస్ ఉంది. గుమ్మంలో ఇంటివాళ్ళ ముఖాలు వాడిపోయాయి.

“మీరే వచ్చారేం తాతా? కెరిస్ ఒక్కదాన్నే పంపకపోయారా?”

“ఏం, నేను పనికిరానా?”

“అని కాదు. అది తక్కువ తింటుంది, మధ్యలో మాట్లాడదు.”

తాత అలిగి, ఆ అలకలోనే పనసకాయ కూర మూడుసార్లు వేయించుకున్నాడు. వర్సీనా ఒట్టి చేతులతో వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఒకామె “కబురేమైనా వచ్చిందా?” అని అడిగింది. “లేదక్కా. చూస్తున్నా” అంది వర్సీనా. చెప్పడం ఇంత చిన్న పని అనుకోలేదు.

వానలు తగ్గాక మురినా దగ్గరనుంచి పిలుపొచ్చింది, చెల్లెలి కూతురి పెళ్ళికి. ఈసారి కరంగ్‌లొకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. వర్సీనా నీలం పూల రవిక వేసుకుంది. పందిట్లో ఒక పక్కన, ఎండకు నల్లబడిన మగవాళ్ళు కొందరు సిగరెట్లు కాలుస్తూ కూర్చున్నారు. తాత అలవాటుగా ఒక కుర్చీ లాగబోయాడు. వర్సీనా ఆయనకంటే ముందు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

“అన్నా, మీరు చేపల ఓడల మీద తిరుగుతారట. సగియొ అని ఒకరు. పొడగరి, ఎడమ కనుబొమ్మలో గాటు ఉంటుంది. నవ్వితే పై పన్ను ఒకటి ముందుకొస్తుంది. నా భర్త.”

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు సిగరెట్ పక్కన పెట్టి మర్యాదగా తల అడ్డంగా ఊపాడు.

“మా ఓడలో లేడు చెల్లెమ్మా. మా తమ్ముడి ఓడ వచ్చే నెల రేవుకొస్తుంది. వాళ్ళది దూరం తిరిగే ఓడ. వాడి కొడుక్కి అప్పుడే సున్తీ విందు పెట్టుకున్నాం. ఆ ఓడలో వాళ్ళందరూ ఉంటారు.”

“పిలవండి అన్నా” అంది వర్సీనా. “వస్తాను.”